మీకు తెలుసా? జిరాక్స్ వస్తుంది గానీ స్కాన్ రాదు!

బడులు, కాలేజీలు తెరిచే జూన్‌లో ఆదిలాబాద్ జిల్లా బోథ్ లాంటి మండల కేంద్రంలో జిరాక్స్ షాపుల రద్దీ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. కులం, ఆదాయం, నివాసం... మీసేవలో ఏ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలన్నా ముందు కాగితాలు స్కాన్ కావాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ కొత్త విండోస్‌కు మారుతుంది. ప్రింట్ వస్తుంది, జిరాక్స్ వస్తుంది, స్కాన్ నొక్కితే మాత్రం స్కానరే దొరకలేదంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది కాబట్టి ఈ తిప్పలు ఇంకొన్నాళ్లు తప్పవు.

● పెట్టె ఒకటే అయినా కంప్యూటర్ లెక్కలో అవి రెండు యంత్రాలు. ఒకే యూఎస్‌బీ వైరు మీద ప్రింటర్ వేరే, స్కానర్ వేరే. నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దేనిది దానిదే. ప్రింటర్ డ్రైవర్ అప్‌గ్రేడ్ దాటి బతికి, స్కానర్‌ది దాటలేకపోవచ్చు. ఇక జిరాక్స్ తీయడానికి కంప్యూటర్‌తో పనే లేదు, ఆ పని యంత్రం లోపలే అయిపోతుంది. కాబట్టి మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు: గ్లాసు మీద కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ శుభ్రంగా వచ్చిందా, గ్లాసు, లైటు, సెన్సార్ అన్నీ బాగున్నట్టే. యంత్రాన్ని బస్సెక్కించి ఆదిలాబాద్ తీసుకుపోవాల్సిన పని లేదు, చూడాల్సింది కంప్యూటర్‌ను.

● ఈ గొడవలో మైక్రోసాఫ్టే ఒకసారి ఇరుక్కుంది. డ్రైవర్ లేకుండానే స్కాన్ చేయడానికి ఈఎస్‌సీఎల్ అనే పద్ధతి ఉంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చాక, ఈ పద్ధతి తెలిసిన యంత్రాలను యూఎస్‌బీ వైరుతో కలిపితే కొన్ని కంప్యూటర్లు వాటిని గుర్తుపట్టలేదు. యంత్రం ఈఎస్‌సీఎల్ పద్ధతి వదిలి యూఎస్‌బీ పద్ధతికి మారకపోవడమే కారణం. 2024 నవంబర్‌లో కంపెనీ తప్పు ఒప్పుకుని, అలాంటి యంత్రాలు తగిలించిన కంప్యూటర్లకు అప్‌గ్రేడే ఆపేసింది. డిసెంబర్‌లో సరిచేసింది. డ్రైవర్ బాధ తప్పించడానికి పుట్టిన పద్ధతే అడ్డం తిరగడం విచిత్రం కాకపోతే ఏమిటి?

● విండోస్ తనంతట తాను వేసుకునే డ్రైవర్ చాలాసార్లు ప్రింట్ వరకే పనికొస్తుంది. స్కాన్ కావాలంటే తయారీ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కు, మీ విండోస్‌కు సరిపడే పూర్తి ప్యాకేజీ దించుకోవాలి. వరస ముఖ్యం: ముందు వైరు పీకేయండి, పాత సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేయండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, కొత్తది ఎక్కించండి, వైరు పెట్టమని అది అడిగినప్పుడే పెట్టండి. చాలామంది వైరు ముందే పెట్టేస్తారు, విండోస్ మళ్లీ తన అరకొర డ్రైవర్‌నే వేసుకుంటుంది. అయినా రాకపోతే సర్వీసెస్ జాబితాలో ‘విండోస్ ఇమేజ్ అక్విజిషన్’ నడుస్తోందో లేదో చూడండి. అది ఆగి ఉంటే స్కానర్ కనపడదు. గూగుల్‌లో పైన కనపడే ‘డ్రైవర్ అప్‌డేటర్’ల జోలికి మాత్రం పోకండి, లేని జబ్బులు చూపించి డబ్బులడిగే రకాలే వాటిలో ఎక్కువ.

● విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ అసలు లేదు. 32 బిట్ డ్రైవర్ తప్ప ఇంకోటి రాని పాత యంత్రానికి అక్కడ దారి మూసుకున్నట్టే. ట్వెయిన్ అనే స్కానింగ్ ప్రమాణం 1992 నాటిది. 32 బిట్ సాఫ్ట్‌వేర్‌కు 64 బిట్ ట్వెయిన్ డ్రైవర్ కనపడదు, అటుది ఇటు కూడా అంతే. ఒక సాఫ్ట్‌వేర్‌లో దొరకని స్కానర్ పక్కదాంట్లో దొరకడానికి ఇదొక కారణం.

● వానాక్రై వైరస్‌కూ ఆఫీసుల్లో ఆగిపోయిన స్కాన్‌కూ చుట్టరికం ఉంది. 2017 మేలో అది ప్రపంచమంతా పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన సందు ఎస్‌ఎంబీ1, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా ఎక్కించే కంప్యూటర్లలో దాన్ని పెట్టడం మానేశారు. కానీ పాత పెద్ద కాపీయర్లలో కొన్నింటికి ‘స్కాన్ టు ఫోల్డర్’ చేయడానికి అదొక్కటే తెలుసు. దాన్ని మళ్లీ ఆన్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఊరూరా ఉంటారు. పని అవుతుంది, సందు కూడా తెరుచుకుంటుంది. పౌరుల ఆధార్ కాపీలుండే కంప్యూటర్‌లో ఆ పని చేయకపోవడమే నయం. యంత్రానికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి, లేకపోతే పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేయండి.

● కంపెనీ వదిలేసిన స్కానర్‌కు లైనక్స్‌లో చోటు దొరకొచ్చు. 1990ల నుంచి నడుస్తున్న ‘సేన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నో పాత మోడళ్లను ఇంకా నడిపిస్తోంది. విండోస్‌లోనైతే వ్యూస్కాన్ ఉంది, కానీ దానికి డబ్బు కట్టాలి.

● స్కాన్ వచ్చినా కాగితం మీది అంకె మారిపోవచ్చు! 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ పరిశోధకుడు జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు కొన్ని 6ను 8గా మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. మసక కాదు, గీత కాదు, చక్కగా అచ్చైన తప్పు అంకె. ఫైలు సైజు తగ్గించడానికి ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే బొమ్మ వాడటం వల్ల వచ్చిన చిక్కది. కంపెనీ తర్వాత దిద్దుకుంది. పట్టాదారు పాస్‌బుక్‌లో సర్వే నంబర్ 6 బదులు 8 పడితే ఏమవుతుందో రైతును అడగండి.

● కొత్త వెర్షన్లు చెడగొట్టినవే కాదు, ఆదిలాబాద్‌కు తెచ్చిపెట్టినవీ ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో, కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్ 11వ వెర్షన్‌లో చేరింది. ఆ తర్వాతే ఆ అక్షరాలకు కంప్యూటర్లలో సొంత స్థానం ఏర్పడింది. తగిన ఫాంట్ లేని పాత కంప్యూటర్‌లో వాటి బదులు ఖాళీ డబ్బాలే కనపడతాయి.

● విండోస్ 11కు మారాక మామూలుగా పది రోజుల వరకు వెనక్కి పోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’. పాత విండోస్ అంతవరకు ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లో దాగి ఉంటుంది. సీ డ్రైవ్ నిండిందని ఆ ఫోల్డర్‌ను ముందే చెరిపేస్తే ఆ పది రోజులూ ఉండవు.