మెడ మీది బొచ్చు కుక్కదా?

మా మామ ముషీరాబాద్‌లో వాచ్‌మన్. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు నారాయణగూడ ఫుట్‌పాత్ మీద నాకొక స్వెటర్ కొన్నాడు. మెడ చుట్టూ తెల్లని మెత్తటి బొచ్చు. హాస్టల్‌కు తెస్తే "కుక్క తోలు, కుక్క తోలు" అని అందరూ నవ్వారు. నాలుగు రోజులు చలికి వణికాను గాని తొడుక్కోలేదు.

సైన్సు మేడంను అడిగాను. ఆమె ఆ బొచ్చులోంచి ఒక పోగు, నా తలలోంచి ఒక వెంట్రుక పీకి, పట్టకారుతో దీపం మీద కాల్చి చూపారు. నా వెంట్రుక కంపు కొట్టి నలిపితే పొడి అయింది. పోగు మాత్రం కరిగి గట్టి పూస అయింది. అంటే అది ప్లాస్టిక్ జాతి దారమే!

అసలు ఫర్ అంటే వెంట్రుకలతో సహా ఒలిచిన తోలు. జంతువును చంపితేనే వస్తుంది. వెంట్రుకల సందుల్లో గాలి నిలిచి ఒంటి వేడిని బయటికి పోనియ్యదు. మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని మన దేశం 2017 జనవరిలో ఆపేసింది. పులి తోలు అమ్మితే 1972 చట్టం కింద జైలే.

ఉన్ని వేరు. కత్తిరించినా గొర్రె బతికే ఉంటుంది. మా తాత నల్ల గొంగడి దక్కనీ గొర్రె ఉన్నిది. కురుమలు నేసి చింతగింజల గంజి పెడతారు. గరుకు, గుచ్చుతుంది కూడా. కాని నెగడు దగ్గర నిప్పురవ్వ పడితే చిన్న మచ్చ పడి ఆరిపోతుంది. నా స్వెటర్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే వంటశాల పొయ్యి దగ్గరికి పోయేటప్పుడు విప్పి పోతున్నాను.

నవ్వినోళ్లలో ఇద్దరు అప్పుడే అరువు అడిగారు.