కాలము చెల్లిన రేడియోధార్మిక వస్తువులు



అణుశక్తి యనగానే మనకు బాంబును, విద్యుత్తును పుట్టించు పెద్ద కర్మాగారములును జ్ఞప్తికి వచ్చును. నేటి ప్రసంగము వానిని గూర్చినది కాదు. అట్టి కర్మాగారము ఒక్కటియైనను లేని బీదదేశములలో సైతము, వ్రేలెడు పొడవుగల గొట్టములలో నిమిడి, ఆసుపత్రుల మూలగదులలోను, మూతపడిన మిల్లులలోను, పాత ఇనుము కొట్లలోను పడియున్న కొన్ని వస్తువులను గూర్చినది. సకాలమున పూనుకొన్నచో వానిని భద్రపరచుట బీదదేశమునకు గూడ అసాధ్యము కాదు. ఉపేక్షించినచో కలుగు నష్టమును ధనికదేశము సైతము భరింపజాలదు. ఈ సంగతినే కొంచెము విశదపరచెదను.

కొన్ని ధాతువులు తమంత తాము క్రమముగా క్షీణించుచు, ఆ క్షీణించుటలో కంటికి గానరాని కిరణములను వెలువరించుచుండును. వానినే రేడియోధార్మిక ధాతువు లందురు. ఆ కిరణములకు వాసన లేదు, చప్పుడు లేదు. అవి దేహములోనికి జొచ్చి రక్తమును, మాంసమును లోలోపల చెరచును. వానినే మితముగా, గురి చూచి ప్రయోగించినచో క్యాన్సరు వ్రణము మాడిపోవును. కనుక వైద్యులు అట్టి ధాతువును సీసపు కవచములో బంధించి వాడుకొనుచున్నారు. ఇనుప గొట్టముల అతుకులలో లోపమున్నదో లేదో కనుగొనుటకు, మూసియున్న తొట్టిలో సరకెంత నిండినదో తెలియుటకు, నూనెబావులలో భూమి పొరలను పరీక్షించుటకు గూడ నిదే సాధనము. కోబాల్టు 60, సీసియము 137, అమెరీషియము 241 అను పేర్లు గలవి యిందుకై వాడబడుచున్నవి. వెనుకటి తరములలో రేడియము వాడబడెడిది. ధాతువును చిన్న ఉక్కు గొట్టములో బెట్టి, మూతిని కరగించి అతికివేయుదురు. ఆ గొట్టము పగులక, దాని కవచము చెదరక యున్నంతకాలము ప్రక్కన పనిచేయువానికి భయము లేదు.

కొన్ని యేండ్లకు దాని బలము తగ్గి వైద్యమునకు చాలదు. యంత్రము పాతబడును, లేదా ఆసుపత్రియే మూతపడును. అప్పుడు దానిని వ్యర్థ మనుచున్నారు. వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను గనుక ఈ మాటపై నాకొక యాక్షేపణ కలదు. అర్థము, అనగా ప్రయోజనము, పోయినది వ్యర్థము. ఇచ్చట పోయినది మన ప్రయోజనమే గాని దాని శక్తి కాదు. వసారాలో మూలబడిన పగిలిన రోలు వంటిది కాదిది. కోరలు తీయని పామును బుట్టలో నుంచి, పాములవాడు ఆ బుట్టను సత్రములో మరచిపోయినట్టిది.

ఆ శక్తి యెంతకాలముండునో లెక్క కట్టవచ్చును. ఒక్కొక్క ధాతువునకు అర్ధాయువను నొక గడువు కలదు. ఆ గడువు తీరునప్పటికి సగము మిగులును. మరియొక గడువునకు ఆ సగములో సగము. బాకీ చక్రవడ్డీతో పెరుగుట మనమెరుగుదుము గదా. ఇది ఆ లెక్కకు విలోమముగా తరుగును. పది గడువులు గడచునప్పటికి ఇంచుమించు వెయ్యింట నొకవంతు నిలుచును. కోబాల్టు గడువు 5 ఏండ్ల 3 నెలలు. కనుక అరువదియేండ్లలోపలనే వెయ్యవవంతునకు దిగును. సీసియమునకు గడువు 30 ఏండ్లు. దానిని 300 ఏండ్లు కాపాడవలెను. అమెరీషియమునకు 432 ఏండ్లు. రేడియమునకు 1600 ఏండ్లు. పది గడువు లనగా 16,000 ఏండ్లు. ఆసుపత్రి గదికి వేసిన తాళము అంతకాలము నిలుచునా?

తాళము సైతము లేనిచోట నేమి జరిగినదో వినుడు. బ్రెజిల్ దేశమున గోయానియా యను పట్టణము కలదు. 1985వ సంవత్సరాంతమున అచ్చటి ప్రైవేటు చికిత్సాలయ మొకటి వేరు భవనమునకు తరలిపోవుచు, సీసియముగల యంత్రమును పాత భవనమునందే విడిచినది. తరువాత ఆ భవనము కొంత కూలద్రోయబడెను. 1987 సెప్టెంబరు 13వ తేదీని ఇద్దరు మనుష్యులు లోపల జొచ్చి, అమ్ముకొన్న నాలుగు డబ్బులు వచ్చునను నాసతో యంత్రపు తలభాగమును ఊడదీసి కొనిపోయిరి. గొట్టమును పొడిచి చిల్లు చేసిరి. పిదప పాత ఇనుము వ్యాపారికి అమ్మివేసిరి. రాత్రివేళ అది నీలికాంతితో మెరయుట చూచి వ్యాపారి అబ్బురపడి, చుట్టములను, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపెను. బియ్యపుగింజంత ముక్కలను కొందరికి పంచిపెట్టెను. కొందరు ఆ పొడిని, ఉత్సవములలో రంగు పూసికొన్నట్లు, మేన బూసికొనిరి. ఆరేండ్ల బాలిక యొకతె ఆ పొడి యంటిన చేతులతోనే తిండి తినెను.

వాంతులు, విరేచనములు, నిప్పుతో కాల్చినట్టి పుండ్లు మొదలైనవి. వైద్యులకు తొలుత కారణము తోచలేదు. ఈ వింతవస్తువు ఇంటికి వచ్చిన నాటినుండియే జబ్బులు వచ్చుచున్నవని కనిపెట్టినది ఆ వ్యాపారి భార్య. ఆమె మిగిలినదానిని సంచిలో వేయించి, సెప్టెంబరు 28వ తేదీని బస్సులో ఆరోగ్యశాఖ కార్యాలయమునకు చేర్పించెను. మరునాడు పరికరముతో కొలువగా గుట్టు బయటపడెను. ఆమెయు, ఆ బాలికయు, కొట్టులో పనిచేయు ఇద్దరు యువకులును మరణించిరి. ఆమె బుద్ధి అంతటితో వెలుగకున్నచో నింకను ఎందరు పోయెడివారో! 1,12,000 మందికి పైగా జనులను పరీక్షింపవలసివచ్చెను. వారిలో 249 మందికి ఆ పదార్థము సోకియుండెను. కొన్ని ఇండ్లు నేలమట్టము చేయబడెను. సీసియపు లవణము మొత్తము బరువు 93 గ్రాములు, అనగా మన పాతలెక్కను ఎనిమిది తులములు. దాని మూలమున చెడిన మట్టి, గోడలు, సామానులు కలిసి 3,500 ఘనపు మీటర్లు. ఆ రాశి నంతను పట్టణము వెలుపల పాతిపెట్టి, నేటికిని కనిపెట్టియున్నారు.

ఇది దూరదేశపు కథ యని తలపవలదు. మన ఢిల్లీ నగరమున విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర శాఖలో 1985 నుండి వాడుక లేక పడియున్న కోబాల్టు యంత్రము 2010లో పాతసామానుతో పాటు వేలమున పోయెను. మాయాపురి బజారులో దానిని విడగొట్టిరి. ఒకడు మరణించెను, పలువురు ఆసుపత్రి పాలైరి. థాయిలాండులో 2000లో ఇట్లే మువ్వురు పోయిరి. మెక్సికోలో 1983 డిసెంబరున పగులగొట్టిన యంత్రములోని కోబాల్టు గింజలు పాత ఇనుముతో కరగి, ఇండ్లకు వాడు ఉక్కు కమ్ములలోనికి గూడ చేరినవి.

ఇక నుపాయములు. ఫిన్లాండు దేశమువారు తమ అణువిద్యుత్తు కర్మాగారముల యింధనమును దాచుటకు 400 మీటర్లకు మించిన లోతున, రాతిలో సొరంగములు తొలిచినారు. ధనికులకు తగినది. ఘానా, టాంజానియా వంటి దేశములలో నున్న వ్యర్థమంతయు నొక గదిలో పట్టును. దానికై సొరంగములు త్రవ్వుమనుట, పిడికెడు గింజలకు గాదె కట్టుమనుటవంటిది.

అమ్మినవారికే తిరిగి యిచ్చివేయుట మొదటి పద్ధతి. కొనునాడే పత్రములో వ్రాసికొన్నచో నిది సులభము. 2003లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ యంగీకరించిన నియమావళి ఈ మార్గమును చూపినది. మన దేశమున గూడ, పనితీరిన మూలమును అమ్మిన సంస్థకో, నియమింపబడిన స్థలమునకో చేర్చవలె ననునదియే కట్టుబాటు. కాని నలుబదియేండ్ల క్రిందట కొన్న యంత్రమునకు కాగితములు దొరకవు. అమ్మిన కంపెనీ యుండదు. అట్టివానిని స్వదేశముననే భద్రపరుపవలెను.

రేడియము కథ వేరు. అది క్షీణించునపుడు ఒక వాయువు పుట్టి, గొట్టములోపల ఒత్తిడి పెరిగి, అతుకులు విడును. అందుచే 1990 దశకమున వియన్నాలోని అంతర్జాతీయ సంస్థవారు శిక్షితులను పంపి, పాత రేడియపు సూదులను తుప్పుపట్టని ఉక్కు గొట్టములలో బెట్టించి, మరల అతికించి, సిమెంటు పోసిన పీపాలలో నుంచు పనిని అనేక దేశములలో జరిపించిరి. పెద్ద విద్య యక్కరలేదు. అతుకు వేయనేర్చినవాడు, కొలత చూడనేర్చినవాడు, సిమెంటు కావలెను.

బలమైన కోబాల్టు, సీసియము గొట్టములను చేతితో తాకరాదు గదా. దళసరి గోడల గది వెలుపల నుండి యంత్రహస్తములతో పట్టవలెను. ప్రతి దేశమునను అట్టి గది కట్టలేరు. దక్షిణాఫ్రికా పండితులు దీనికొక చక్కని యుపాయము కనుగొనిరి. విడిభాగములుగా ఓడపై పంపదగిన గది యది. గోడ యనగా రెండు ఉక్కురేకుల నడుమ బోలు. ఆ బోలును ఆయా దేశములోనే దొరకు ఇసుకతో నింపుదురు. సుమారు మీటరున్నర మందము ఇసుక కిరణములను ఆపును. పని ముగిసినపిదప ఇసుకను పారబోసి, గదిని విప్పి మరియొక దేశమునకు కొనిపోవుదురు. 2009లో సూడానునందు, టాంజానియాయందు ఈ పని జరిగినది. బరువైన సీసమును, కాంక్రీటును సముద్రము దాటించు కర్చు తప్పినది. ఇసుక లేని దేశమెచ్చట!

అటు తరువాత దాచుటకు బోరుబావి. ఇదియు దక్షిణాఫ్రికాలో రూపొందిన యూహయే. మీ పొలములలో నీటికై వేయు బోరుబావి వంటిదే. వెడల్పు జానెడు మీద నొక యంగుళము, అనగా 26 సెంటీమీటర్లు. కనీసము 30 మీటర్లు, స్థలమును బట్టి 100 మీటర్లు దాటిన లోతున ఉక్కు గొట్టములను ఒకదానిపై నొకటి దింపి, నడుమ సిమెంటు పోసి, పైన మందమైన ఉక్కు పలక నుంచి పూడ్చివేయుదురు. ఏండ్లతరబడి కావలి కాయు పనివారు అక్కరలేదు. ప్రయోగార్థము మొదట ఎన్నికయైనవి ఘానా, మలేషియా దేశములు.

మీలో నొకరు వెంటనే అడుగుదురు: బోరుబావి నీరు త్రాగువారము గదా, విషము నీటిలో కలియదా యని. సబబైన ప్రశ్న. అందుకే త్రాగునీటి పొరలున్న చోట గాక, నీరు మెల్లగా కదలు బిగువైన భూమిని వెదకి, భూగర్భశాస్త్రజ్ఞులు పరీక్షించిన పిమ్మట గాని వేయరు. ధాతువు ఉక్కు గొట్టములో నున్నది. ఆ గొట్టము సిమెంటులో నున్నది. ఆ సిమెంటు మరియొక ఉక్కు పాత్రలో నున్నది. దాని చుట్టు మరల సిమెంటు. సిమెంటునకు సున్నపు గుణముండుటచే తగిలిన ఉక్కునకు తుప్పు మిక్కిలి మెల్లగా పట్టును. నీరు ఈ పొరలన్నిటిని దాటునప్పటికి సీసియము వంటిది పది గడువులు గడచియుండును. మరియొక విశేషము: పునాది త్రవ్వువాని పలుగు 30 మీటర్ల లోతునకు పోదు, జానెడు వెడల్పు గల గురిని తెలియక తగులుట దుర్లభము. పెంకుటింటిలో దాచిన పెట్టెకు ఈ రెండును లేవు.

ఇంతకును మూలమైనది లెక్క. దేశములో నెన్ని మూలములున్నవి, ఎవరి చేతిలో నున్నవి, ఏనాడు పనితీరినవి యను పట్టిక లేకున్నచో ఇసుకగది వచ్చియు వ్యర్థము. పూర్వము కరణము అడంగలులో ప్రతి సర్వే నెంబరును వ్రాసినట్లు, ప్రతి గొట్టమును వ్రాయవలెను. మన దేశమున ఈ పనికై 1983లో అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనువారు కిరణములను పసిగట్టు పరికరములను చేయుచున్నారు. ఇట్టి పరికరమును పాత ఇనుము వచ్చు ద్వారమునొద్ద నిలిపినచో, కొలిమిలో పడకముందే దొంగ పట్టుబడును.

దాతల విషయమున నాకొక యభిప్రాయము కలదు. కరెంటు నిలకడలేని దేశములకు కోబాల్టు యంత్రమే నేటికిని వైద్యమునకు అనువైనది. మన భారతదేశము సైతము తన భాభాట్రాన్ యంత్రమును వియత్నాము మొదలగు దేశములకు ఇచ్చినది. ఇచ్చుట పుణ్యమే. అయితే అందులోని కోబాల్టు బలము తగ్గిననాడు దానిని ఎవరు తీసికొనిపోవుదురు, కర్చెవరిది యను మాట దానపత్రములోనే యుండవలెను. లేనిచో అది గోదానము చేసి గడ్డి సంగతి మరచుట యగును.

చివరగా, మీరు చూడదగిన గుర్తు. పసుపు రంగుమీద నల్లని మూడు రెక్కల బొమ్మ పాతగుర్తు. చదువురానివారికి అది పంకా రెక్కలవలె కనిపించును. పదునొకండు దేశములలో జనుల నడిగి చూచి, 2007లో దానికి తోడుగా మరియొక గుర్తును ప్రకటించిరి. ఎఱ్ఱని త్రికోణములో మూడు రెక్కల బొమ్మనుండి క్రిందికి ప్రసరించు కిరణములు, మనిషి పుఱ్ఱె, పారిపోవుచున్న మనిషి. దీనిని గది తలుపుమీద అంటింపరు, బండిమీద అంటింపరు. యంత్రపు లోపలి కవచముమీద నుంచుదురు. ఎవడైనను మేకులు విప్పి పైమూత తీసినప్పుడు గాని అది కంటబడదు.