గోడ మీది తుపాకి ఏ ఊరిది?

రాయికోడ్ : దసరా వచ్చిందంటే జహీరాబాద్ ప్రాంతంలోని పాత ఇళ్ళలో అటక మీది సామాను కిందికి దిగుతుంది. కత్తి, గొడ్డలి, నాగలి కర్రుతో పాటు పాతకాలపు తుపాకి ఉన్న ఇంట్లో దానికీ ఆనాడు నూనె, పసుపు, కుంకుమ బొట్లు తప్పవు. పండుగ కాగానే అది మళ్ళీ గోడ మేకుకో, అటక చీకటికో చేరుకుంటుంది. అడిగిన వారికి మాత్రం ‘మా ముత్తాతకు నైజాం సర్కారు ఇచ్చింది’ అన్న ఒక్క మాట సిద్ధంగా ఉంటుంది.

ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. తుపాకి ఎవరిచ్చారన్నది కాగితం ఉంటే తప్ప తేలే విషయం కాదు. అయితే అది ఏ ప్రాంతంలో తయారైనదన్నది వేరే సంగతి. ఇనుము, కర్ర, బిగింపులు శ్రద్ధగా చూస్తే కాగితం లేకున్నా చాలావరకు చెప్పవచ్చు.

ఈ ప్రాంతంలో ఆ పని కొంత చిక్కుతో కూడుకున్నదే. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనూ, 2016కు ముందు మెదక్ జిల్లాలోనూ ఉన్న జహీరాబాద్ తాలూకా 1956 వరకు బీదర్ జిల్లాలోనిది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే ఈ నేల మీదుగా ఎన్నో సైన్యాలు నడిచాయి. 1799లో ఇంగ్లీషు వారితో కలిసి శ్రీరంగపట్నం ముట్టడికి వెళ్ళిన నైజాం సేనలు ఉన్నాయి. నైజాం కొలువులో అరబ్బులు, రోహిల్లాలు ఉండేవారు. చివరకు 1948 సెప్టెంబరులో షోలాపూర్ రోడ్డున వచ్చిన భారత సైన్యం హైదరాబాద్‌కు సాగింది కూడా జహీరాబాద్ మీదుగానే. తుపాకి ఇక్కడ దొరికింది కనుక ఇక్కడిదేనని అనుకోవడానికి వీలు లేదు.

మొదట చూడవలసింది మందు అంటించే ఏర్పాటు. వెలిగించిన వత్తిని, అంటే జామగిని, ఒక కొక్కెం పట్టుకొని వచ్చి రంజకపు గూటిలో వాల్చితే అది వత్తి తుపాకి. కొక్కేనికి చెకుముకి రాయి బిగించి ఉంటే చెకుముకి తుపాకి. రాయికి బదులు చిన్న రాగి టోపీ మీద సుత్తి పడేది టోపీ తుపాకి. మూడింటికీ మందు, గుండు మూతి నుండే దట్టించాలి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పల్లెల్లో వినిపించిన ‘భర్మారు’ తుపాకి ఈ మూతి నుండి దట్టించే జాతిదే. యూరపులో 17వ శతాబ్దం చివరికే మూలపడిన వత్తి తుపాకి మన దేశంలో 19వ శతాబ్దంలోనూ పని చేసింది. వత్తి ఎక్కడైనా దొరుకుతుంది, కొక్కెం విరిగితే ఊరి కమ్మరి బాగుచేయగలడు. చెకుముకి తుపాకి బిగింపులో ఉండే ఉక్కు స్ప్రింగు పోతే అతని చేతిలో పని కాదు. కనుక వత్తి తుపాకి కనిపించగానే మూడు నాలుగు వందల ఏళ్ళ నాటిదని లెక్క కట్టడం తొందరపాటు.

ఇక్కడే ఒక బోల్తా ఉన్నది. ఘోడా పక్కన ఉండే ఇనుప రేకు మీద కిరీటం గుర్తు, ‘టవర్’ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే తుపాకి లండన్‌ది అని తేల్చేస్తారు. హృదయాకారపు గుర్తులో అక్షరాలు, లేదా వెనుక కాళ్ళ మీద నిలబడిన సింహం ఉంటే ఈస్టిండియా కంపెనీది. సింహం గుర్తు 1808 నుండి వచ్చినది. ఇంతవరకు సరే. కాని ఆ రేకు కంపెనీదైనంత మాత్రాన గొట్టం కూడా కంపెనీది కావాలని లేదు. పాత వత్తి తుపాకికే కొక్కెం తీసివేసి ఇంగ్లీషు బిగింపు తగిలించుకున్నవారు ఉన్నారు. పైగా ఈ ముద్రలను చూసి అచ్చు గుద్దిన నకళ్ళూ ఉన్నాయి. వాయవ్య సరిహద్దున ఖైబర్ పనివారు చేసిన నకళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు తప్పుగా పడి పట్టుబడిపోతాయి.

గొట్టం ఎక్కడిది?

గొట్టం చెప్పే కథ వేరు. పాత దేశవాళీ గొట్టాన్ని పోత పోయలేదు. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి కడ్డీ చుట్టూ తాడు చుట్టినట్టు చుట్టి, సమ్మెట దెబ్బలతో అతికించేవారు. మెత్తని ఇనుము, ఉక్కు కలిపి మెలిపెట్టిన గొట్టాల పైన నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. ఖరీదైన వాటిలో గొట్టం పైన సన్నని గాట్లు పెట్టి, వెండి బంగారు తీగను కొట్టి అతికించిన కోఫ్తగరీ పూలు కూడా ఉంటాయి.

ఉక్కు అంటే తెలంగాణ తల వంచుకోవలసిన పని లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల్లో కరిగించిన ఉక్కు ఇరాన్ దాకా వెళ్ళేది. 1820 ప్రాంతాల్లో అక్కడికి వెళ్ళిన డాక్టర్ హెన్రీ వాయ్సీ ఆ ఊళ్ళో మకాం వేసి ఉక్కు కొంటున్న ఇస్ఫహాన్ వర్తకుణ్ణి చూసి రాశాడు. ఆ ఉక్కు ఎక్కువగా కత్తులకు పేరు మోసింది. అలల చారలు కనిపించిన ప్రతి గొట్టమూ కోనసముద్రం సరుకే అనరాదు, ఆ పనితనం లాహోరులోనూ ఉన్నది, ఇరాన్‌లోనూ ఉన్నది. హైదరాబాద్‌లో ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో పెట్టిన కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీగా ఇప్పటికీ బస్టాపుల్లో వినపడుతుంది. ‘నైజాం తుపాకి’ అనగానే అందరికీ అదే గుర్తుకు వస్తుంది కాని, అది ఫిరంగులకు పేరుపడిన చోటు.

పొరుగునున్న మైసూరు తుపాకి గుర్తించడానికి కొంత సులువు. టిప్పు సుల్తాన్ ఆయుధాల మీద పులి తల, పులి చారలు ఉంటాయి. ఆయన స్వయంగా ఏర్పాటు చేసిన మౌలూదీ సంవత్సరం వేయించాడు, అందులో అంకెలు కుడి నుండి ఎడమకు చదవాలి. శ్రీరంగపట్నం పడినపుడు నైజాం సేనలు అక్కడ ఉన్నాయి కాబట్టి అటువంటిది ఈ వైపు చేరడం వింత కాదు. కాకపోతే పులి చార ఒక్కటే చూసి సంబరపడరాదు. పులి బొమ్మ చెక్కడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

గొట్టం, బిగింపు దూరాలు తిరుగుతాయి. కర్ర అంత సులభంగా తిరగదు. పగిలిన కుందాను మార్చవలసి వస్తే దగ్గరి వడ్రంగే మార్చాలి, అతని అడవిలో దొరికిన కర్రతోనే మార్చాలి. అందుకే తెలిసినవారు మొదట కుందా పట్టి చూస్తారు. ఉత్తరాది వత్తి తుపాకుల కుందా తిన్నగా, సన్నగా, పలకలుగా ఉంటుంది. సింధు, అఫ్ఘాన్ వైపు అది చేప తోకలా విచ్చుకొని వంపు తిరుగుతుంది. కొడగు తుపాకికి కిందికి బాగా వంగిన వెడల్పాటి కుందా, దాని మీద ఇత్తడి లేదా వెండి రేకులు ఉంటాయి. అక్కడి వారు కైల్‌పోళ్ద్ పండుగనాడు ఇప్పటికీ తుపాకులకు పూజ చేస్తారు. సింహళంలో కుందా రెండుగా చీలి చుట్ట చుట్టుకుంటుంది, బిగింపు ఎడమ వైపు ఉంటుంది. జిట్రేగా, టేకా, అక్రోటా అన్నది గొట్టం కింద రంగు తగలని చోట చూస్తే మంచి వడ్రంగి చెప్పగలడు. ఈ విషయంలో పట్నం పండితుడి కంటే ఊరి వడ్రంగి మాటకే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

అమెరికాలోనూ ఇదే పద్ధతి. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు తమ దేశపు పొట్టి రైఫిలును పొడుగు చేసి, ఎనిమిది పలకల గొట్టం, చారల మేపుల్ కర్రతో కొత్త రకం తయారు చేశారు. కెంటకీ రైఫిల్ అని పేరు పడినా పుట్టింది పెన్సిల్వేనియాలో. వాటిలో చాలావాటి బిగింపులు ఇంగ్లండు నుండి దిగుమతి అయినవి. బిగింపు మీది పేరు నమ్మినవాడు బర్మింగ్‌హామ్ అంటాడు, తుపాకి లాంకాస్టర్‌ది అయి ఉంటుంది. అందువల్ల వారు చూసేది కుందా వంపు, దానిలో నూనె గుడ్డముక్కలు దాచే చిన్న ఇత్తడి పెట్టె మూత. మూత కొసన డైసీ పువ్వు ఉంటే లాంకాస్టర్, కుందా పై అంచు గద్ద ముక్కులా వంగితే లీహై లోయ అని అంచనా వేస్తారు. దక్షిణ కొండ సీమలలో ఇత్తడికి బదులు ఇనుము వాడారు, చాలాచోట్ల పెట్టె కూడా లేకుండా కర్రలో కొవ్వు పెట్టుకునే గుంట ఒక్కటి తవ్వి ఊరుకున్నారు. యార్క్ పట్టణానికి చెందిన జో కిండిగ్ అనే పాత వస్తువుల వర్తకుడు 1960లో ఇవన్నీ గ్రంథంగా వేశాడు. దక్కను తుపాకులకు జిల్లాల వారీగా అటువంటి పని ఎవరైనా చేస్తే బాగుండును.

ఆదోని నుండి బికనేరు

చిన్న గుర్తు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఆదోని సంగతి చూడాలి. బీజాపూర్ సుల్తానుల అధీనంలో ఉండిన ఆదోని కోట 1689లో మొగలుల వశమైంది. ఔరంగజేబు కొలువులో ఉన్న బికనేరు రాజు అనూప్ సింగ్ ఆ కోట ఆయుధశాల నుండి కత్తులు, కటార్లు, కవచాలు రాజస్థాన్‌కు పంపించాడు. అక్కడి లెక్కల గుమాస్తాలు వాటి మీద ఉలితో చుక్కలు చుక్కలుగా నాగరి అక్షరాలు పొడిచారు. ఫలానా సంవత్సరం, ఆదోని స్వాధీనం అని. రాజుగారికి అది ఖజానా లెక్క మాత్రమే. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత ఆ వస్తువులు చేతులు మారి విదేశాలకు వెళ్ళినపుడు, ఇవి దక్కను పనితనమని పండితులు నమ్మకంగా చెప్పగలిగింది ఆ చుక్కల వల్లనే. అనూప్ సింగ్ 1698లో ఆదోనిలోనే మరణించాడు. దక్షిణాది నుండి ఆయన తీసుకువెళ్ళిన తాళపత్రాలు, పుస్తకాలు బికనేరు గ్రంథాలయంలో నిలిచాయి.

ఆ చుక్కలను ఎవరైనా గరుకు కాగితంతో రుద్ది ఉంటే? పల్లెల్లో జరుగుతున్నది అదే. పండుగ ముందు ఇటుక పొడి, చింతపండు, గరుకు కాగితం పెట్టి గొట్టాన్ని తళతళా మెరిపిస్తారు. అలల చారలు, అంకెలు, ముద్రలు ఆ తోముడులో పోతాయి. ఏటేటా పూసిన పసుపు పేరుకొని రంజకపు గూడు దగ్గరి అక్షరాలు మూసుకుపోవడం అంత నష్టం కాదు, నూనె గుడ్డతో నెమ్మదిగా అద్దితే పసుపు ఊడివస్తుంది. తోమి పోగొట్టిన అక్షరం రాదు. ఇత్తడి రేకులను ఊడదీసి పాత సామాను వానికి తూకానికి అమ్మేవారు మరింత నష్టపోతున్నారు. ఏ ప్రాంతమో చెప్పే గుర్తు ఆ రేకులోనే ఉంటుంది.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1959 ఆయుధాల చట్టం పాతబడిన, మరమ్మతు చేసినా పేలని ఆయుధాలకే మినహాయింపు ఇస్తున్నది. పేలుతుందా లేదా అన్నది ఇంట్లో మందు దట్టించి తేల్చుకునే విషయం ఎంతమాత్రం కాదు. లోపల ఏనాటిదో మందు ఉండిపోయిన తుపాకులు ఉంటాయి కనుక మూతి వైపు నిలబడి చూడరాదు, దగ్గర నిప్పు ఉండరాదు. పోలీసు స్టేషనులో తెలియజేసి సలహా పొందడం ఇంటివారికే మంచిది. నూరేళ్ళు దాటిన వస్తువును 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. ఊళ్ళ వెంట తిరిగి పాత సామాను కొనేవారు ఈ సంగతి చెప్పరు.

పోల్చి చూడాలనుకునే వారు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడవచ్చు. రాయికోడ్ వారికి బీదర్ కోట ఇంకా దగ్గర, అక్కడి మ్యూజియంలోనూ పాత ఆయుధాలు ఉన్నాయి. తుపాకిని మోసుకుపోనవసరం లేదు. గొట్టం పొడవు, మూతి వెడల్పు కొలిచి రాసుకొని, రెండు పక్కలా, రంజకపు గూడు దగ్గర, కుందా చివర వెలుతురులో ఫొటోలు తీసుకుంటే చాలు. ముత్తాత మాట కూడా ఆ కాగితం మీదే ఒక పక్కన, ఎవరు చెప్పారో పేరుతో సహా రాసి పెట్టుకోవాలి.