నీటిలో గెలిచిన సైనికుడు

పిల్లలూ! బావిలో నీళ్ళు తోడేటప్పుడు ఒక వింత గమనించారా? చేద నీటిలో మునిగి ఉన్నంతసేపూ తేలికగా ఉంటుంది. పైకి రాగానే చేతులు లాగేస్తుంది. నీరు తనలో మునిగిన వస్తువును పైకి నెడుతుంది. అదే ఇందుకు కారణం. నీటికున్న ఈ గుణమే ఒక సైనికునికి కొత్త బ్రతుకునిచ్చింది.

ఆయన పేరు మురళీకాంత్ పేట్కర్. పుట్టింది మహారాష్ట్రలో. సైన్యంలో చేరి, మన సికింద్రాబాదులో, యంత్రాలను బాగుచేసే ఇ.ఎం.ఇ. దళంలో పనిచేశాడు. అక్కడ మంచి బాక్సింగ్ వీరుడు కూడా. 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధంలో తూటాలు తగిలి ఆయన నడక పోయింది. చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టాడు. నేలమీద మొరాయించిన శరీరాన్ని నీరు మోసింది.

అయితే ఈత సులువనుకోకండి. కాళ్ళు ఆడించకపోతే అవి కిందికి దిగి, నీటికి అడ్డుపడి, వేగాన్ని తగ్గిస్తాయి. అందుచేత చేతులే రెట్టింపు పని చెయ్యాలి.

రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడినవారికోసం 1948లో ఇంగ్లండులో డాక్టర్ గుట్‌మన్ ఆటల పోటీలు పెట్టాడు. అవే పెరిగి పారాలింపిక్సు అయినాయి. 1968లో టెల్ అవీవ్‌లో జరిగిన పోటీలకు పేట్కర్ వెళ్ళి టేబుల్ టెన్నిస్ ఆడాడు. పతకం రాలేదు. ఆయన ఊరుకోలేదు. 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. సెకనుకు ఎన్ని మీటర్లు ఈదినట్టో లెక్క కట్టండి!

పారాలింపిక్సులో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. ఒలింపిక్సులో ఒక్కడే ఆడి స్వర్ణం గెలిచిన తొలి భారతీయుడు అభినవ్ బింద్రా, అది 2008లో. అయినా పేట్కర్‌కు పద్మశ్రీ 2018లో గాని రాలేదు. అంటే నలభై ఆరేళ్ళు పట్టింది!

మన పాపన్నపేట పిల్లలకు మంజీర, ఏడుపాయలు తెలియనివి కావు. ఈత నేర్చుకోండి; కాని పెద్దలు తోడు లేకుండా నీటిలో దిగవద్దు.

మరొక మాట. మీ తరగతిలో కాలు సరిగా లేని స్నేహితుడుంటే, ఆటల గంటలో అతణ్ణి పుస్తకాల సంచులకు కాపలా పెట్టకండి. ఏ ఆట ఆడతావని అడగండి. తల్లిదండ్రులారా! ఆ ప్రశ్న మీరు కూడా అడగాలి.