తెల్లబోయిన బిల్లు

మొన్న డాలస్ నుంచి మనవరాలు వీడియోలో ఓ తెల్లకాగితం చూపించింది. "తాతయ్యా, అద్దెకిచ్చిన ఇంట్లో పైపు కారితే కొన్న సామాను బిల్లు ఇది. ప్లాస్టిక్ కవర్లో భద్రంగానే పెట్టాను. పన్ను లెక్కకని తీస్తే ఒక్క అక్షరం లేదు!"

అమ్మలూ, ఆ కాగితం మీద సిరా ఎప్పుడూ లేదు. కొత్త బిల్లొకటి తీసి గోటితో గట్టిగా, గబగబా గీరు. నల్లగీత పడిందా? రాపిడి వేడికే అది పడింది. కాగితం పూతలో రంగు కనపడని రంగుపొడి ఒకటి, బిస్ఫినాల్ లాంటి ఆమ్లగుణమున్న పొడి ఒకటి పక్కపక్కనే ఉంటాయి. మిషన్ వేడి తగిలిన చోట కరిగి కలుస్తాయి. అప్పుడు రంగుపొడి అణువులో మూసుకున్న వలయం విచ్చుకుని నల్లబడుతుంది. ఆ వలయం మళ్లీ మూసుకుంటే నలుపూ పోతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది చూశావా, అలా. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. అవి కాగితంలోకి ఊరి ఆ జోడీని విడదీస్తాయి. నువ్వు దాచిన చోటే దాన్ని తినేసిందమ్మా.

మన దేశంలో అయితే అద్దెలోంచి మునిసిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం తీసేస్తారు, మరమ్మతు బిల్లులు అడగరు. అక్కడ ఎంత ఖర్చు పెట్టావో అంతకే, అదీ రుజువుతో. 1930లో జార్జ్ కోహన్ అనే నాటకాలాయన రసీదుల్లేకుండా కోర్టుకెక్కితే, జడ్జి లెర్నెడ్ హ్యాండ్ ఖర్చు నిజమైతే అంచనా వేసి కొంతైనా ఇవ్వమన్నారు. అయితే లెక్క రాసుకోని తప్పు అతనిదే గనక, అంచనా అతనికి బిగువుగానే ఉండొచ్చన్నారు. నువ్వు అంతదాకా పోకు. కార్డు స్టేట్‌మెంటు తియ్యి. ఎంత కట్టావో అది చెబుతుంది గానీ, ఏం కొన్నావో చెప్పదు. అందుకని షాపులో బిల్లు నకలు అడుగు, పైపు కారుతోందని అద్దెకున్నవాళ్లు పెట్టిన మెసేజీ జతచెయ్యి.

నాకు బెంగల్లా ఆ టైల్స్ బిల్లు గురించి. ఇల్లంతా నేల మార్పించావు కదా, ఆ ఖర్చును 27న్నర ఏళ్ల మీద పరిచి చూపించాలి. అన్నాళ్లు ఆ కాగితం నిలవదు. స్పష్టంగా కనపడే స్కాన్ కాపీని పన్ను శాఖ ఒప్పుకుంటుంది.

ఫైలు వెతికి తీసింది. అక్షరాలు బూడిదరంగుకు దిగాయి గానీ చదవొస్తోంది. నేను లైన్లో ఉండగానే ఫోటో తీసింది.