పెద్దల కాళ్ళకు కట్టు – ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

అరవై ఏళ్ళు దాటినవారున్న ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటి కలదు: "సాయంత్రమయ్యేసరికి కాళ్ళు బరువెక్కుతున్నాయి." ఉదయం వదులుగా ఉన్న చెప్పులు పొద్దు వాలేసరికి బిగుతవుతాయి. చీలమండ పైభాగాన వేలితో నొక్కితే గుంట పడి, కొంతసేపటికిగాని పూడదు. వయస్సుతో వచ్చిన అలసటే కదా అని చాలామంది ఊరకుంటారు. మరికొందరు మందుల దుకాణం నుండి క్రేప్ బ్యాండేజి తెప్పించి, తోచినంత గట్టిగా బిగించి కడతారు. ఈ రెండు పద్ధతులూ సరియైనవి కావు.

ఊరకుంటే వాపు నిలిచిపోతుంది. చర్మం నల్లబడి, దురదపెట్టి, చివరకు చీలమండ లోపలి వైపున మానని పుండు పడవచ్చు. నొప్పికి వెరచి పెద్దవారు నడక మానుకుంటారు. నడక మానిన కొద్దీ వాపు హెచ్చుతుంది. ఇక తెలియక బిగించి కట్టినప్పుడు, ఆ కాలిలో రక్తప్రసారం అంతకుముందే తగ్గి ఉంటే పాదానికే ముప్పు వాటిల్లవచ్చు. కట్టు కూడ ఔషధం వంటిదే. దానికీ మోతాదు ఉంది, అనుపానం ఉంది, అపథ్యం ఉంది.

పిక్క చేసే పని

గుండె నుండి పాదానికి రక్తం దిగడం సులభమే. పాదం నుండి తిరిగి గుండెకు ఎక్కడమే కష్టం. కదలక నిలబడి ఉన్నప్పుడు చీలమండ వద్ద సిరలలోని ఒత్తిడి సుమారు 90 మి.మీ. పాదరసం వరకు ఉంటుంది. నడక సాగించగానే పిక్క కండరాలు ముడుచుకొని, సిరలను పిండి, రక్తాన్ని పైకి తోస్తాయి. సిరలలోని చిన్న కవాటాలు దానిని తిరిగి క్రిందికి జారనీయవు. ఆరోగ్యవంతులలో నడక సమయాన ఆ ఒత్తిడి 30 మి.మీ. ప్రాంతానికి పడిపోతుంది. పిక్కను "రెండవ గుండె" అనడానికి కారణం ఇదే.

వయస్సు మీరినకొద్దీ కవాటాలు వదులవుతాయి, కండరం చిక్కిపోతుంది, చీలమండ కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు రక్తం క్రిందనే నిలిచి, సిరలు మెలికలు తిరిగి పైకి ఉబ్బుతాయి. వాడుకలో మనం "నరాలు ఉబ్బాయి" అంటాము గాని, అవి నరాలు కావు, సిరలు. బయటినుండి తగిన ఒత్తిడి కల్పిస్తే సాగిన సిరలు దగ్గరపడి, కవాటాలు కొంతవరకు మూసుకొనగలుగుతాయి. అప్పుడు పిక్క తోసే ప్రతి తోపుకు ఫలితం దక్కుతుంది.

సుశ్రుతుని బంధన విధి

కట్టు కట్టడాన్ని ఒక శాస్త్రంగా మన ప్రాచీనులు ఏనాడో గుర్తించారు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 18వ అధ్యాయంలో పదునాలుగు విధాల కట్లు చెప్పబడినవి. శాఖలకు, అనగా చేతులకు, కాళ్ళకు చుట్టుకుంటూ పోయే "అనువేల్లితం", కీళ్ళకు అడ్డదిడ్డంగా వేసే "స్వస్తికం" వీటిలోనివే. నార, నూలు, ఉన్ని, పట్టు, తోలు మొదలైన కట్టుబట్టలను కూడ ఆ ఆచార్యుడు పేర్కొన్నాడు.

అంతకంటె ముఖ్యమైనది బిగువును గురించిన విభాగం. గాఢం, సమం, శిథిలం అని బిగువు మూడు రకాలు. తొడలు, పిరుదుల వంటి కండగల చోట్ల గాఢంగాను, చేతులకు, కాళ్ళకు సమంగాను, కన్నులకు, కీళ్ళకు శిథిలంగాను కట్టమని విధి. మోకాలు నొప్పి పెట్టగానే ఆ కీలుకే బిగుతుగా పట్టీ వేసే అలవాటు మనవారికున్నది. ఆ పట్టీ క్రింది రక్తాన్ని పైకి రానీయక, పిక్కను, పాదాన్ని వాచేటట్లు చేస్తుంది. మోకాలికి తొడుగు వాడినా అది వదులుగా, ఆసరా మాత్రంగానే ఉండవలసినది.

కట్టు తగనివారిని కూడ సుశ్రుతుడు చెప్పి ఉన్నాడు. మధుమేహ రోగుల పిడకలు, కాలిన పుండ్లు, మంట, ఎరుపు, పాకం అధికంగా గల వ్రణాలు ఆ జాబితాలోనివి. మధుమేహ రోగి కాలి విషయంలో నేటి వైద్యులు చేసే హెచ్చరిక కూడ ఇటువంటిదే.

నీటి తొట్టి నేర్పిన పాఠం

పాశ్చాత్య దేశాలలో 1797లో ఇంగ్లాండుకు చెందిన థామస్ బేంటన్ అనే శస్త్రవైద్యుడు మానని కాలిపుండ్లకు జిగురు పట్టీలు చుట్టి నయం చేసే పద్ధతిని వివరిస్తూ గ్రంథం ప్రకటించాడు. 19వ శతాబ్ది చివరలో జర్మనీ చర్మవైద్యుడు పాల్ ఉన్నా జింక్ ఆక్సైడ్ లేపనం పూసిన కట్టును ప్రవేశపెట్టాడు. అది నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉన్నది.

మేజోళ్ళ కథ మరింత ఆసక్తికరమైనది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు కాన్‌రాడ్ జోబ్‌స్ట్ స్వయంగా ఉబ్బిన సిరలతో బాధపడేవాడు. ఈతకొలనులో నిలబడినప్పుడు బాధ ఉపశమించడం ఆయన గమనించాడు. నీటిలో లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మీటరు లోతున అది సుమారు 74 మి.మీ. పాదరసం. అందుచేత పాదం వద్ద అధికంగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఒత్తిడి పడుతుంది. ఆ సూత్రాన్నే మేజోళ్ళకు వర్తింపజేసి, 1950 ప్రాంతంలో ఆయన క్రమపీడన మేజోళ్ళను తయారుచేశాడు. నడుము లోతు నీటిలో మెల్లగా నడవడం వృద్ధులకు హితమైన వ్యాయామం కావడానికి కూడ ఇది ఒక కారణమే. అయితే పుండు ఉన్నవారు నీటిలో దిగరాదు.

ఎంత ఒత్తిడి?

మేజోళ్ళ ఒత్తిడిని చీలమండ వద్ద కొలుస్తారు. 15–20 మి.మీ. రకం తేలికపాటి వాపునకు, బరువునకు. 20–30 రకం ఉబ్బిన సిరలకు, నిలిచిన వాపునకు. 30–40 రకం తీవ్రమైన స్థితికి, పుండు మానిన పిమ్మట మళ్ళీ రాకుండుటకు సాధారణంగా వాడుతారు. పుండు ఉన్నప్పుడు బహుళపొరల కట్టు కడతారు. లండనులోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 1980లలో రూపొందిన నాలుగు పొరల కట్టు చీలమండ వద్ద సుమారు 40 మి.మీ. ఒత్తిడి కల్పిస్తుంది. ఇది శిక్షణ పొందిన చేతులతోనే జరుగవలసిన పని.

ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ చెప్పిన సూత్రం ఇచ్చట గుర్తుంచుకొనదగినది. ఒకే బిగువుతో చుట్టినప్పటికీ, సన్నని భాగం మీద ఒత్తిడి ఎక్కువగాను, లావు భాగం మీద తక్కువగాను పడుతుంది. కనుక బక్కచిక్కిన పెద్దల కాళ్ళమీద, ముఖ్యంగా ముందెముక అంచున, అనుకున్నదానికంటె ఎంతో ఎక్కువ ఒత్తిడి పడి చర్మం చిట్లవచ్చు. కట్టు క్రింద మెత్తని దూది పొర వేయడం అందుకే.

కట్టుకు ముందు పరీక్ష

గట్టి కట్టు కట్టేముందు పాదానికి ధమనుల ద్వారా రక్తం చక్కగా అందుతున్నదీ లేనిదీ తెలుసుకొనడం తప్పనిసరి. చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ వద్ద రక్తపోటు చూసి, దానిని చేతి రక్తపోటుతో భాగిస్తారు. ఫలితం 1కి దగ్గరగా ఉంటే మంచిది. 0.8 కంటె తక్కువైతే అధిక ఒత్తిడి గల కట్టు తగదు. 0.5 కంటె తక్కువైతే కట్టు మాట మరచి, వెంటనే రక్తనాళాల నిపుణుని చూడవలసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ సంఖ్య తప్పుగా ఎక్కువ చూపవచ్చు. కనుక సంఖ్య బాగున్నదని వారు నిశ్చింతగా ఉండరాదు.

నాలుగడుగులు వేయగానే పిక్క పట్టి ఆగవలసి రావడం, రాత్రి పాదం నొప్పిపుట్టి మంచం క్రిందికి వ్రేలాడదీస్తే ఉపశమించడం, పాదం చల్లబడడం – ఇవి ధమనులు పూడిన సూచనలు. అట్టివారు తమంత తామై కట్టు కట్టరాదు.

రెండు కాళ్ళూ వాచి ఆయాసం కూడ ఉన్నప్పుడు, ముఖం ఉబ్బినప్పుడు, కారణం గుండెలోనో మూత్రపిండాలలోనో ఉండవచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వంటి మాత్రలవల్ల కూడ చీలమండలు వాస్తాయి. కారణం తెలియకుండా కట్టు కట్టడం రోగాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

కట్టే విధానం

1. వాపు తక్కువగా ఉండే తెల్లవారుజామున, పక్కమీదినుండి దిగకముందే కట్టు గాని, మేజోడు గాని వేయాలి. ఆలస్యమైతే అరగంటసేపు కాళ్ళు ఎత్తున ఉంచి, పిదప వేయాలి.

2. పాదాన్ని పిక్కకు లంబంగా నిలిపి, వ్రేళ్ళ మొదలు నుండి చుట్టడం ప్రారంభించి, మడమను పూర్తిగా కప్పుతూ, మోకాలికి రెండు వ్రేళ్ళ దిగువ వరకు రావాలి. మడమ వదలిపెడితే వాపు అక్కడే ఉబికి వస్తుంది.

3. ప్రతి చుట్టూ ముందరి చుట్టును సగం కప్పాలి. బిగువు మొదటినుండి చివరివరకు ఒకే తీరుగా ఉండాలి. పైభాగాన బిగించి ముడి వేయడం ప్రమాదకరం.

4. మేజోడు తొడిగేటప్పుడు మడమ వరకు లోపలి వైపు బయటికి తిరగవేసి, పాదం దూర్చి, క్రమంగా పైకి లాగాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. మిగిలిన అంచును క్రిందికి మడవరాదు. ఆ మడత బిగువై కూర్చుంటుంది.

5. వ్రేళ్ళు నీలిబారినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, నొప్పి హెచ్చినా కట్టు తక్షణమే విప్పాలి.

6. వైద్యుడు ప్రత్యేకంగా చెప్పనిచో రాత్రి నిద్రకు ముందు మేజోళ్ళు తీసివేయాలి. చర్మాన్ని పరీక్షించి, కొద్దిగా కొబ్బరినూనె గాని, నువ్వులనూనె గాని రాయవచ్చు. ఉదయం నూనె రాసి మేజోడు తొడిగితే సాగుడు గుణం చెడిపోతుంది. నిత్యం వాడే మేజోళ్ళను ఇంచుమించు ఆరు మాసాలకొకసారి మార్చాలి.

నడక లేని కట్టు

కట్టు పిక్కకు సహాయం చేస్తుందేగాని, పిక్క పని తాను చేయదు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన 2,518 మందిపై జరిపి, 2009లో ప్రకటించిన పరిశీలన ఇందుకు నిదర్శనం. తొడవరకు మేజోళ్ళు తొడిగినా వారి కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం తగ్గలేదు. పైగా చర్మం చిట్లడం, పుండ్లు పడడం హెచ్చాయి. 2013లో వెలువడిన మరొక పరిశీలనలో, గాలితో ఆగి ఆగి కాలిని నొక్కే తొడుగులు వాడిన రోగులలో ఆ గడ్డలు 12.1 శాతం నుండి 8.5 శాతానికి తగ్గాయి. కదలలేని కాలికి స్థిరమైన బిగువుకంటె పిక్కవలె నొక్కి వదిలే ఒత్తిడి మేలు చేసిందన్నమాట.

కనుక కట్టు కట్టుకొన్నవారు తప్పక నడవాలి. నడవలేనివారు కుర్చీలో కూర్చుండి పాదాన్ని పైకి, క్రిందికి ఆడించాలి. నిలబడగలవారు గోడనో బల్లనో ఆనుకొని, మడమలెత్తి దించడం పదిసార్లు చొప్పున, రోజుకు మూడు పూటలా చేయాలి.

బోదకాలుకు కాసరగోడు చికిత్స

తీరాంధ్రంలో బోదకాలుతో ముసలితనం గడుపుతున్నవారు నేటికీ కలరు. దోమకాటువలన సంక్రమించే ఈ వ్యాధిలో సిరలు కాక, రసనాళాలు చెడి కాలు వాస్తుంది. కేరళలోని కాసరగోడులో 1999లో నెలకొన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లయిడ్ డెర్మటాలజీ ఇట్టి రోగులకు ఆయుర్వేదాన్ని, యోగాన్ని, కట్టును కలిపి చికిత్స చేస్తున్నది. కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు ఆరబెట్టి, మూలికల ఫాంటంలో నానబెట్టి, మర్దన, యోగాసనాల పిదప కట్టు కడతారు. 

నిలిచిన వాపుగల కాలికి మాటిమాటికి ఎర్రబడి జ్వరం రావడం మరొక పీడ. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 84 మందిపై జరిపి, 2020లో ప్రకటించిన పరిశీలనలో కట్టు వాడనివారిలో 40 శాతం మందికి, వాడినవారిలో 15 శాతం మందికి మాత్రమే ఆ జ్వరం తిరిగి వచ్చింది.

ఇంటి పథ్యం

ఉప్పు, ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి. మధ్యాహ్నం, రాత్రి కాళ్ళు గుండెకంటె ఎత్తుగా ఉండునట్లు దిండ్లు వేసుకొని పడుకోవాలి. వాపును హరించే గణంగా చరకుడు చెప్పిన దశమూలాలు గాని, వాడుకలోని పునర్నవ గాని లోనికి పుచ్చుకొనదలచినవారు, ముఖ్యంగా గుండె, మూత్రపిండాల మందులు వాడుతున్నవారు, వైద్యుని సలహా పొందాలి. పుండుమీద పసుపు ముద్దలు, ఆకు పసర్లు మెత్తి, పైన బిగించి కట్టడం మానాలి.

పుండుకు కారణమైన సిరను లేజరు మొదలైన పద్ధతులతో మూసివేసే చికిత్స నేడు ఉన్నది. బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన పరిశీలనలో, కట్టుతోబాటు ఆ చికిత్సను తొందరగా చేయించుకొన్నవారికి పుండు సగటున 56 దినాలలోను, ఆలస్యంగా చేయించుకొన్నవారికి 82 దినాలలోను మానింది. కనుక రెండు వారాలు దాటినా మానని పుండును ఇంటి వైద్యంతో సాగదీయరాదు.

ఒక కాలే హఠాత్తుగా వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అట్టి కాలిని మర్దించరాదు, కట్టు కట్టరాదు, ఆనాడే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తక్కిన సందర్భాలలో పాదం రక్తప్రసారం పరీక్షింపజేసి, కాలి కొలతలు ఉదయంపూట తీయించి, వైద్యుడు నిర్ణయించిన ఒత్తిడిగల మేజోళ్ళనే కొనండి. పెద్దవారు స్వయంగా తొడుగుకొనలేరు కనుక, ఉదయం ఐదు నిమిషాలు వారి మంచం వద్ద కూర్చుండి తొడిగే బాధ్యతను ఇంటిలో ఒకరు స్వీకరించండి.