ప్రయాణంలో ఫొటోలు పదిలమేనా?

ప్రయాణమంటే సగం పని సర్దుడే. ఆ సర్దుడులో మన ఆడవాళ్లకున్న ముందుచూపు ఇంకెవరికీ ఉండదు. ఉన్న డబ్బంతా ఒక్క పర్సులో పెట్టుకుని ఏ ఇల్లాలైనా రైలెక్కుతుందా? కొంత హ్యాండ్‌బ్యాగులో, కొంత పెట్టె అడుగున చీర మడతలో, కొంత ఆయన జేబులో. ఒకటి పోయినా రెండోది ఇంటికి చేరుస్తుందన్న ధీమా. అంత జాగ్రత్త తెలిసిన మనం, పది పన్నెండు రోజుల యాత్రలో తీసిన ఫొటోలన్నీ మాత్రం ఒకే ఒక్క ఫోన్‌లో పెట్టుకుని తిరిగేస్తాం. ఆ ఫోన్ కాస్తా లోయలో పడితే? బస్టాండులో ఎవరైనా కొట్టేస్తే?

మా వీధిలో ఒకావిడ తల్లిని బద్రీనాథ్ తీసుకెళ్లింది. తిరుగు ప్రయాణంలో ఫోన్ చేజారి అలకనంద పాలైంది. పోతే పోయింది, ఫోనేగా అనుకుంది అప్పుడు. ఆరు నెలలకు తల్లి కన్నుమూసింది. దండ వేయడానికి మంచి ఫొటో కోసం ఇల్లంతా వెతికితే గుర్తింపు కార్డు కోసం బిగుసుకుపోయి దిగినదొక్కటే దొరికింది. "అక్కడ మంచు చూసి అమ్మ చిన్నపిల్లలా నవ్విందండీ. ఆ నవ్వు నా దగ్గర లేకుండా పోయింది" అని ఇప్పటికీ అంటుంది.

రీలు రోజులే నయం అనిపిస్తుంది ఒక్కోసారి. రీలుకు 36 ఫొటోలే వచ్చినా, వాటికో నెగెటివ్ ఉండేది. ఆల్బమ్ తడిసినా, చుట్టాలెవరో ఫొటో ఊడబీక్కుపోయినా, నెగెటివ్ పట్టుకెళ్తే స్టూడియో అతను మళ్లీ కడిగిచ్చేవాడు. ఫోన్ ఫొటోకు నెగెటివ్ లేదు. దాన్ని మనమే తయారుచేసుకోవాలి.

సిగ్నలుంటే సరిపోదు

"గూగుల్‌లో ఉంటాయి లెండి" అంటారు చాలామంది. నిజమే, ఇంటర్నెట్ సరిగ్గా అందితే. చాలా ఫోన్లలో వైఫై దొరికితేనే ఫొటోలు పైకి ఎక్కేలా పెట్టి ఉంటుంది. వైఫై లేని కొండల్లో అవి క్యూలో నించునే ఉంటాయి. పైగా గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అదీ మన మెయిళ్లకూ ఫొటోలకూ కలిపి. లెక్కలేనన్ని ఫొటోలు ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఆ చోటు నిండిపోతే సిగ్నలున్నా ఫొటో పైకి వెళ్లదు. ఇక కైలాస మానససరోవరం వెళ్లేవారికి ఇంకో చిక్కు. అది చైనా పాలనలోని టిబెట్‌లో ఉంది. అక్కడ గూగుల్ సేవలకే అడ్డుకట్ట.

2023లో మేము అత్తయ్యగారినీ మామయ్యగారినీ చార్‌ధామ్ తీసుకెళ్లాం. యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బద్రీనాథ్. దారిలో సిగ్నల్ అసలు లేదని కాదు. "క్షేమంగా ఉన్నాం" అని ఇంటికి చెప్పడానికి సరిపోతుంది. ఫొటోలు పంపబోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని బయల్దేరే ముందే ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజూ రాత్రి పడుకునే ముందు, మందుల డబ్బా తీసినప్పుడే, ఆ రోజు ఫొటోలకు రెండో ప్రతి తీయడం. బార్కోట్‌లో, ఉత్తరకాశీలో, గుప్తకాశీలో ఎక్కడ బస చేసినా ఇదే వరస. పది నిమిషాల పని.

రెండు మూతుల పెన్‌డ్రైవ్

ఇందుకు ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒకవైపు ఫోన్‌కు, ఇంకోవైపు కంప్యూటర్‌కు పట్టే పెన్‌డ్రైవ్‌లు వస్తున్నాయి. టైప్-సి, ఓటీజీ పెన్‌డ్రైవ్ అని అడిగితే షాపులో ఇస్తారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి పడుతుంది. ఐఫోన్లలో 2023లో వచ్చిన 15వ రకం నుంచి టైప్-సి రంధ్రమే. అంతకు ముందువాటికి వేరే మూతి ఉన్నది అడగాలి.

ఎంత పెద్దది కావాలి? లెక్క వేసుకోండి. ఒక ఫొటో సుమారు 4 ఎంబీ అనుకుంటే వెయ్యి ఫొటోలకు 4 జీబీ. నిమిషం వీడియో 100 ఎంబీ అటూ ఇటూ అనుకున్నా, నలభై వీడియోలకు ఇంకో 4 జీబీ. అంటే మనిషికి 8 జీబీ. నలుగురు వెళ్లినా 64 జీబీది హాయిగా సరిపోతుంది. 4కె అనే మరీ స్పష్టమైన రకంలో వీడియోలు తీసే పిల్లలుంటే 128 జీబీది కొనండి.

ఫోన్‌కు తగిలించి, ఫైల్స్ యాప్‌లో కెమెరా ఫోల్డర్ తెరిచి, ఆ రోజు ఫొటోలు ఎంచుకుని 'కాపీ' నొక్కండి. పక్కనే 'మూవ్' అని ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. అది నొక్కితే ఫొటోలు ఫోన్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతాయి. మళ్లీ ఒక్కచోటే మిగులుతాయి! కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లోనివి నాలుగు తెరిచి చూడండి, ఒక వీడియో నడిపి చూడండి. ఆ తర్వాత 'ఎజెక్ట్' చేసి తీయండి. రాసుకుంటూ ఉండగా లాగేస్తే ఉన్నవీ పాడవచ్చు.

పెద్ద వీడియో కాపీ కాక మొరాయిస్తోందా? పాత పద్ధతిలో, అంటే ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. బయల్దేరే ముందే దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చి ఇవ్వమని ఇంట్లో పిల్లల్ని అడగండి. ఫార్మాట్ చేస్తే అందులోనివన్నీ చెరిగిపోతాయి కనుక ఖాళీది ఇవ్వండి. మీ ఫోన్‌లో పనిచేస్తోందో లేదో కూడా ఇంట్లోనే ఒకసారి చూసుకోండి.

పైసా ఖర్చు లేని దారి

పెన్‌డ్రైవ్ కొనలేదా? మీ ఫోన్‌లోవి మీవారి ఫోన్‌లోకి, వారివి మీ ఫోన్‌లోకి పంపుకోండి. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ పక్కపక్కనున్న ఫోన్ల మధ్య ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తాయి. ఫొటో నాణ్యత కూడా తగ్గదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తగ్గుతుంది, ఇంటర్నెట్టూ కావాలి. ఈ దారిలో ఇంకో లాభం ఉంది. అందరి ఫొటోలూ తీసే ఇల్లాలు తన ఫోన్‌లో ఎక్కడా కనిపించదు. మరొకరు తీసిన ఆవిడ ఫొటోలు ఇలాగైనా ఆవిడకు చేరతాయి!

ఒక్క మాట. ఫోన్‌లోనే ఉండే మెమరీ కార్డులోకి కాపీ చేస్తే అది రెండో ప్రతి కింద లెక్క కాదు. ఫోన్ పోతే కార్డూ దాంతోనే పోతుంది. అలాగే పెన్‌డ్రైవ్‌ను ఫోన్ పెట్టుకునే బ్యాగులోనే పడేయొద్దు. ఫోన్ మీ దగ్గరుంటే పెన్‌డ్రైవ్ మీవారి దగ్గరో, అత్తగారి సంచిలో మందుల డబ్బా పక్కనో ఉండాలి. చిన్న జిప్ కవర్‌లో పెడితే వానకు తడవదు.

కొండెక్కని డిస్కులు

ఇంట్లో పాత హార్డ్‌డిస్క్ ఉందిగా, అది పట్టుకెళ్దాం అనుకుంటున్నారా? ఆగండి. హార్డ్‌డిస్క్ లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంది. రాసే ముల్లు దానికి తగలకుండా, సన్నటి గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచనై ఆ ఆధారం తగ్గుతుంది. అందుకే చాలా మామూలు హార్డ్‌డిస్క్‌లను సుమారు 3,000 మీటర్ల ఎత్తు వరకే వాడమని తయారీదారులు చెబుతారు. కేదార్‌నాథ్ ఎత్తు 3,583 మీటర్లు. పెన్‌డ్రైవ్‌లోనూ, ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లోనూ తిరిగే భాగాలుండవు. కనుక ఆ బెంగ లేదు, కుదుపులకూ తట్టుకుంటాయి.

చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది. స్వెట్టర్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. పవర్ బ్యాంకు తప్పనిసరి. విమానంలో దాన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

పరాయి కంప్యూటరు వద్దు

లాడ్జి కౌంటర్లోనో, ఊళ్లోని నెట్ సెంటర్లోనో "ఇవ్వండమ్మా, కాపీ చేసిపెడతాం" అంటారు. మంచివాళ్లే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్‌లో వైరస్ ఉంటే మన పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది. ఫొటోల ప్రతి అక్కడే ఉండిపోయినా మనకు తెలియదు. నదీస్నానాల దగ్గర తీసుకున్నవీ, ఆడపిల్లల ఫొటోలూ అందులో ఉంటాయి. మొహమాటపడకుండా "వద్దండీ, మా దగ్గర ఉంది" అనేయండి. పెన్‌డ్రైవ్‌కు సాధారణంగా తాళం ఉండదు కనుక అందులో ఆధార్, బ్యాంకు కాగితాల ఫొటోలు కాపీ చేయకండి.

పొరపాటున ఏదైనా ఫొటో చెరిపేస్తే కంగారుపడొద్దు. చాలా ఫోన్లలో అది చెత్తబుట్టలో సుమారు నెల రోజులు ఉంటుంది. అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంటికి చేరాక

బట్టలు ఉతకడం, ప్రసాదం పంచడం అయ్యాక ఫొటోల పని కూడా ఆ వారంలోనే ముగించేయండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. మన ఇళ్లకు తగ్గట్టు చెప్పాలంటే ఫోన్‌లో ఒకటి, ఇంటి కంప్యూటర్‌లో లేదా హార్డ్‌డిస్క్‌లో ఒకటి, గూగుల్‌లో ఒకటి. ఈ మూడూ అయ్యాకే పెన్‌డ్రైవ్ ఖాళీ చేయండి. పెన్‌డ్రైవ్ ప్రయాణానికి తోడే కానీ తరాలపాటు దాచే పెట్టె కాదు. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అందులోనివి చెరిగిపోయే వీలుంది.

చివరగా, వాటిలో ఓ ఇరవై ఎంచి కాగితం మీద ప్రింటు వేయించండి. ఒక సెట్టు పుట్టింటికి పంపండి. దానికి చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. మధ్యాహ్నం పూట కళ్లజోడు పెట్టుకుని అమ్మ తనంతట తాను చూసుకోగలిగేది అదొక్కటే కదా!